ఊపిరి సలపని ప్రజలు, ఊపిరిపై ధ్యానము: బొగ్గుగనుల ప్రాంతమునుండి ఒక వేదాంత విమర్శ

ఉపోద్ఘాతము

ధ్యానము అను మాట నేడు మన పట్టణములలోను పల్లెలలోను కొత్త ఊపుతో వినబడుతున్నది. ఒకప్పుడు ఆశ్రమములకు, సన్యాసులకు పరిమితమని తలంచిన ఈ సాధన ఇప్పుడు కార్పొరేటు కార్యాలయములలో, పాఠశాలలలో, కారాగారములలో, ఆసుపత్రులలో ప్రవేశించినది. ఇంతవరకు అందని వర్గములకు, అనగా కూలీలకు, దళితవాడలకు, గిరిజన గూడెములకు దానిని చేర్చాలని కొందరు పూనుకున్నారు. ఉద్దేశము మంచిదే. అయితే కష్టములో ఉన్నవానికి "కన్నులు మూసుకొని నీ ఊపిరిని గమనించు" అని చెప్పేటప్పుడు, ఆ మాట అతనిని నిలబెడుతున్నదా, నిద్రపుచ్చుతున్నదా అని అడగవలసిన బాధ్యత సంఘమునకు ఉన్నది.

మన సంఘములలో ఈ విషయముపై రెండు తొందరపాటు జవాబులు వినబడుతున్నవి. మొదటిది: "అది అన్యుల ఆచారము, విశ్వాసికి తగదు." రెండవది: "యేసు నామము జోడిస్తే చాలు, అంతా మనదే." ఈ రెండు జవాబులూ ప్రశ్నను తప్పించుకొనునవే అని ఈ వ్యాసము వాదిస్తున్నది. ఈ పరిశీలనకు నేపథ్యము శ్రీరాంపూర్. పాత ఆదిలాబాదు జిల్లాలో ఉండి, 2016 జిల్లాల పునర్విభజన తరువాత మంచిర్యాల జిల్లాలో చేరిన ఈ ఊరు సింగరేణి బొగ్గుగనుల ప్రాంతము. ఇక్కడ "ఊపిరి సలపదు" అను మాట జాతీయము మాత్రమే కాదు, దేహస్థితి కూడా.

1. పదము, దాని ప్రయాణము

పాళీ భాషలోని 'సతి', సంస్కృతములో 'స్మృతి'. 1881లో రైస్ డేవిడ్స్ దానిని ఇంగ్లీషులో 'మైండ్‌ఫుల్‌నెస్' అని అనువదించాడు. దాదాపు నూరు సంవత్సరముల తరువాత, 1979లో, అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ దీర్ఘకాలిక నొప్పితో బాధపడే రోగుల కొరకు ఎనిమిది వారముల శిక్షణగా దానిని రూపొందించాడు. ఆ శిక్షణలో బుద్ధుడు లేడు, సంఘము లేదు, శీలము లేదు. శ్రద్ధ మాత్రమే మిగిలినది. వైద్యశాలలో అందరికీ అందుటకు ఇది వీలు కల్పించినది. అదే సమయమున దానిని అమ్ముటకు కూడా వీలు కల్పించినది. రోనాల్డ్ పర్సర్ 2019లో వెలువరించిన 'మెక్‌మైండ్‌ఫుల్‌నెస్' అను గ్రంథములోని ప్రధాన విమర్శ ఇదే: ఒత్తిడికి కారణము పని పరిస్థితులలో ఉండగా చికిత్సను ఉద్యోగి మనసుకే చేస్తే, యజమాని బాధ్యత మాయమవుతుంది.

తెలుగులో దీనికి సచేతనత, సంపూర్ణ స్పృహ అని పుస్తకపు మాటలు కల్పిస్తున్నారు. మన ప్రజల నోట అంతకంటే మంచి మాటలు రెండు ఉన్నవి. ఒకటి ఎరుక. "నాకు ఎర్కనే" అని తెలంగాణలో పసిపిల్లలు కూడా అంటారు. రెండవది నిమ్మళము. జ్వరము తగ్గినా, అప్పు తీరినా, తప్పిపోయిన మేక ఇల్లు చేరినా "పానం నిమ్మళమైంది" అంటారు. ఈ రెండు మాటల మధ్య సంబంధమే మన చర్చకు కీలకము. ఎరుక లేని నిమ్మళము మత్తు అవుతుంది. నిమ్మళము లేని ఎరుక భారమవుతుంది.

2. తెలుగు నేలపై ధ్యానోద్యమములు

ధ్యానము గోదావరి తీరమునకు కొత్త కాదు. పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్టలో బౌద్ధ స్తూపము బయల్పడినది. సుత్తనిపాతములోని పారాయణవగ్గము గోదావరి ఒడ్డున నివసించిన బావరి తన శిష్యులను బుద్ధుని యొద్దకు పంపిన సంగతి చెబుతుంది. ఆధునిక కాలములో ఎస్. ఎన్. గోయంకా విపశ్యన పరంపర 1976లోనే హైదరాబాదులో 'ధమ్మఖేత్త' కేంద్రమును నెలకొల్పినది. 1994లో తీహారు కారాగారములో వెయ్యిమందికి పైగా ఖైదీలకు శిబిరము నిర్వహించినది. రుసుము లేదు, సాధకుల దానములతోనే నడుస్తుంది. ఇది గౌరవింపదగిన విషయము. అయితే శిబిరము పది దినములు. కాంట్రాక్టు కార్మికునికి పది దినముల నాగా అంటే పది దినముల కూలి పోవుట. ఒక్కొక్కసారి పనే పోవుట. వేయి బీడీలకు ఇంత అని లెక్కకట్టి చుట్టే కరీంనగర్, నిజామాబాదు స్త్రీకి ఒక గంట మౌనము కూడా ఖర్చే. ఉచితము అన్నంతమాత్రాన పేదలకు అందినట్లు కాదు.

ఈ ఇబ్బందిని గ్రహించి ఇంటింటికి వెళ్లిన ఉద్యమము పిరమిడ్ ధ్యాన ఉద్యమము. బోధన్ దగ్గరి శక్కర్‌నగర్‌లో 1947లో జన్మించి, 2022లో మరణించిన సుభాష్ పత్రి 1990లో కర్నూలులో దీనిని సంస్థగా ప్రారంభించారు. "శ్వాస మీద ధ్యాస" అను సులభమైన పద్ధతిని తెలుగు పల్లెలకు, చదువురాని వారికి సైతము చేర్చిన ఘనత ఈ ఉద్యమమునకు దక్కాలి. గురుదక్షిణ, దీక్ష, మంత్రోపదేశము వంటి అడ్డుగోడలను అది తీసివేసినది. కాని రెండు విషయములలో విమర్శ తప్పదు. మొదటిది, ధ్యానముతోపాటు శాకాహారమును గట్టిగా ప్రచారము చేయుట. మాంసము తినువాడు తక్కువవాడు అను మాట మన వాడలలో ఆరోగ్యసూత్రముగా వినబడదు. పాత అంటరానితనము కొత్త గొంతుతో పలికినట్లు వినబడుతుంది. రెండవది, ఎవని వాస్తవమునకు వాడే సృష్టికర్త అను బోధ. సంపన్నునికి ఇది ఉత్సాహము కలిగించవచ్చు. గనిలో భర్తను పోగొట్టుకున్న స్త్రీకి అదే మాట నేరారోపణ అవుతుంది.

ఈ సందర్భమున డాక్టర్ అంబేడ్కర్‌ను జ్ఞాపకము చేసుకొనుట న్యాయము. 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలాది ప్రజలతో బౌద్ధమును స్వీకరించిన ఆయన, మరణానంతరము 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధమ్మము' గ్రంథములో దుఃఖమును మనసు లోపలి వ్యవహారముగా మాత్రమే చూచు వ్యాఖ్యానముతో తృప్తిపడలేదు. మనిషి మనిషికి చేయు అన్యాయము ఆయన దృష్టిలో దుఃఖములో ముఖ్యభాగము. అణగారిన ప్రజలకు ధ్యానము తీసుకొనిపోవువారు, ఆ ప్రజల నాయకుడు ధ్యానముకంటె ముందు దేనిని ఉంచాడో తెలుసుకొనవలెను.

3. పరిశోధనలు చెప్పునది, చెప్పనిది

సంఘకాపరులు పరిశోధనలను అతిగా పొగడకూడదు, తృణీకరించకూడదు. 2014లో గోయల్ మరియు సహచరులు 47 ప్రయోగములను, 3515 మంది ఫలితములను సమీక్షించి, ధ్యానశిక్షణ ఆందోళనను, క్రుంగుదలను, నొప్పిని ఒక మోస్తరుగా తగ్గిస్తుందని తేల్చారు. అదే సమీక్ష మందులకంటె, వ్యాయామముకంటె ఇది మెరుగైనదను రుజువు దొరకలేదని కూడా చెప్పినది. 2022లో ప్రకటితమైన బ్రిటన్ పాఠశాలల 'మిరియడ్' అధ్యయనములో ఎనిమిది వేలకు పైగా విద్యార్థులు పాల్గొన్నారు. తరగతిలో అందరికీ ధ్యానము నేర్పుట వలన సాధారణ పాఠములకంటె అదనపు మేలు కనబడలేదు. అనగా ఇది అందరికీ ఒకే మోతాదులో పంచదగిన మందు కాదు. తీవ్రమైన ఆఘాతము అనుభవించినవారు కన్నులు మూసుకొని కూర్చుంటే పాత భయము తిరిగి లేచు ప్రమాదమున్నదని ఈ రంగమువారే హెచ్చరిస్తున్నారు.

మరొక ప్రక్క మన దేశపు పరిస్థితి చూడాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము మానసిక రుగ్మతలు ఉన్నవారిలో, రుగ్మతను బట్టి, నూటికి 70 నుండి 92 మందికి చికిత్స అందుట లేదు. ఇంత పెద్ద ఖాళీ ఉన్నచోట ధ్యానమును వైద్యునికి బదులుగా నిలబెడితే అది సేవ కాదు, వంచన. వైద్యుని దగ్గరకు వెళ్లువరకు చేయి పట్టుకొని నడిపించుటకు ఉపయోగిస్తే మాత్రము మేలు.

4. పైకప్పును తట్టి వినువాడు

శ్రద్ధ అను సాధనను మనము పేదలకు కొత్తగా నేర్పబోతున్నామని తలంచుట అహంభావము. బాయిలో దిగిన కార్మికుడు ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి ఆ ధ్వనిని వింటాడు. గట్టి రాయి ఒక విధముగా పలుకుతుంది, లోపల విడిపోయిన రాయి బోలుగా పలుకుతుంది. ఆ తేడా వినలేనివాడు ప్రాణముతో పైకి రాడు. కర్ర దిమ్మెల చిటపట, గాలి వాసనలో మార్పు, నీటి చెమ్మ, ఇవన్నీ అతనికి ఎరుక. క్షణక్షణము మెలకువగా ఉండుటను ఎనిమిది వారముల శిక్షణలో నేర్చుకొను ఉద్యోగికంటె ఇతడు ఆ విద్యలో పాతకాపు.

కావున ఇతని బాధ శ్రద్ధ లేమి కాదు, విశ్రాంతి లేమి. ఇంకొక సంగతి కూడా ఉన్నది. మనసులోని తలంపులు వాస్తవములు కావని, వాటిని మేఘములవలె పోనివ్వాలని ధ్యానశిక్షకులు బోధిస్తారు. అనేక తలంపుల విషయములో అది నిజమే. కాని 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీరు ముంచెత్తి 17 మంది మరణించారు. 2021 నవంబరు 10న ఇదే శ్రీరాంపూర్‌లో ఎస్ఆర్‌పీ 3, 3ఏ గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు మరణించారు. నైట్ షిఫ్టుకు భర్తను పంపి నిద్రపట్టని స్త్రీ తలంపు మేఘము కాదు, అది ఎరుక. ఆమె భయమును మనసు జబ్బుగా మాత్రమే చూచు కాపరి, ఆమెకంటె తక్కువ మెలకువగా ఉన్నాడు.

5. నిర్గమకాండము 5, 6 అధ్యాయములు

ఈ విషయమును తూచుటకు లేఖనములో నాకు కనబడిన అతి బలమైన భాగము నిర్గమకాండము 5, 6 అధ్యాయములు. హెబ్రీయులు తమ దేవుని ఆరాధించుటకు సెలవు అడిగారు. ఫరో వారిని సోమరులన్నాడు (5:8, 17). గడ్డి ఇవ్వకుండ, ఇటుకల లెక్క తగ్గించకుండ పని పెంచాడు. పనివాని మౌనము యజమాని కంటికి సోమరితనముగా కనబడుట నేటి సంగతి కాదన్నమాట.

తరువాత మోషే దేవుని వాగ్దానమును ప్రకటించినప్పుడు వారు వినలేకపోయారు (6:9). కారణముగా మన తెలుగు బైబిలు మనోవ్యాకులము అను మాట వాడినది. మూలములో ఉన్నది 'కోత్సెర్ రూవహ్'. రూవహ్ అనగా గాలి, ఊపిరి, ఆత్మ. కోత్సెర్ అనగా పొట్టితనము, కొరత. అక్షరార్థమున వారికి ఊపిరి కురచైనది. మన జాతీయములో చెప్పాలంటే వారికి ఊపిరి సలపలేదు. దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడిన గని కార్మికుని ఎరిగిన సంఘము ఈ మాటను అలంకారముగా చదువలేదు.

ఇప్పుడు దేవుడు ఏమి చేశాడో గమనించండి. వాగ్దానము వినలేకపోయినందుకు వారిని గద్దించలేదు. ముందుగా ఊపిరి కుదుట పరచుకొనుడి అని ఉపదేశింపలేదు. ఫరోతో మాటలాడుటకు మోషేను మరల పంపాడు (6:11). ఊపిరి కురచ చేసినవాని దగ్గరకే దేవుని వాక్యము మొదట వెళ్లినది. ధ్యానమును పేదలకు చేర్చు ప్రతి ప్రయత్నమును ఈ వచనముల ఎదుట నిలబెట్టి పరీక్షించాలి: ఇది ఇటుకల మడిలోని కూలికి మాత్రమే ఉపదేశము చేస్తున్నదా, లేక ఫరోతో కూడా మాటలాడుతున్నదా?

అయినను కథ అక్కడ ముగియదు. విడుదలైన ప్రజలకు దేవుడు విశ్రాంతి దినమును ఇచ్చాడు. ద్వితీయోపదేశకాండము 5:15 ఆ దినమును దాసత్వపు జ్ఞాపకముతో ముడిపెట్టినది. దాసుడు, దాసి, పరదేశి, ఎద్దు, గాడిద సైతము ఆ విశ్రాంతిలో పాలివారు (5:14). అనగా బైబిలులో నిశ్చలత ఒక వ్యక్తి ఇంటిలో నేర్చుకొను నైపుణ్యముకంటె ముందు, సమాజమంతటికి ఇయ్యబడిన చట్టము. సింగరేణి భాషలో ఆదివారపు డ్యూటీని 'ప్లేడే' అంటారు. పేరు ఆటరోజు, జరుగునది పని. అదనపు వేతనము కొరకు విశ్వాసులు ఆ డ్యూటీకి పోవుటను మనము ప్రసంగ పీఠమునుండి తప్పుపడతాము. ఆరు దినముల కూలి ఇల్లు గడుపుటకు చాలితే ఎంతమంది పోతారని అడుగము. ఇటుకల లెక్క చూడకుండ ఇటుకలు చేయువానినే గద్దించుట ఇది.

6. ఏలీయా నేర్పు క్రమము

1 రాజులు 19వ అధ్యాయము ఇదే సత్యమును ఒక మనిషి జీవితములో చూపిస్తుంది. చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు ముందు నిద్ర ఇచ్చాడు, తరువాత రొట్టె, నీళ్లు, మరల నిద్ర, మరల రొట్టె. ఆ తరువాతనే గుహ, గాలి, భూకంపము, అగ్ని. వాటన్నిటి వెనుక నిమ్మళమైన స్వరము. నిమ్మళములో వినబడిన మాట ఏమిటి? అతనిని అక్కడనే కూర్చోబెట్టలేదు. రాజులను అభిషేకించుటకు, ఎలీషాను పిలుచుటకు తిరిగి పంపినది. నిద్ర, ఆహారము, మౌనము, కర్తవ్యము: ఈ నాలుగింటిలో మూడవదానిని మాత్రము ఏరి పేదలకు పంచు కార్యక్రమము ఏలీయా దేవుని పద్ధతి కాదు.

7. మనకున్న వారసత్వము

ధ్యానము అన్యాచారమను వాదము చరిత్ర యెదుట నిలువదు. కీర్తన 1:2, యెహోషువ 1:8 వచనములలో మన అనువాదకులు ధ్యానించు అను క్రియనే ఎన్నుకున్నారు. అక్కడి హెబ్రీ క్రియ 'హాగా'. యెషయా 31:4లో సింహపు గుర్రుమను ధ్వనికి, 38:14లో గువ్వ మూలుగుకు అదే క్రియ. అనగా లేఖన ధ్యానము శబ్దములేని శూన్యము కాదు; వాక్యమును నోట నమలుతూ గొణుగుట. చదువు రాని అవ్వ పనిచేస్తూ ఒక పాట చరణమును పదిసార్లు కూనిరాగము తీస్తే అది హాగా. ఐగుప్తు ఎడారిలోని తండ్రుల ఒక్క వచన ప్రార్థనను జాన్ కాసియన్ అయిదవ శతాబ్దములో పాశ్చాత్య సంఘమునకు అందించాడు. మన తెలుగు నేలలో 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు సన్నిధి అను పేరుతో దేవుని ఎదుట మౌనముగా కనిపెట్టుటను సామాన్య విశ్వాసులకు నేర్పారు.

ఇంకను లోతుగా చూస్తే, ఒంగోలు ప్రాంతపు మాదిగల తొలి క్రైస్తవ నాయకుడు యెర్రగుంట్ల పేరయ్య 1860లలో క్రీస్తును అంగీకరించుటకు ముందు రాజయోగ గురువుల చెంత సాధన చేసినవాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథము ఆ సంగతులను నమోదు చేసినది. వీరబ్రహ్మము పరంపరలోని గురువులు కులము అడుగక నేర్పిన ఆ సాధన, చెప్పులు కుట్టే చేతులలో దేవుని వెదకు దాహమును మేల్కొలిపినది. కాబట్టి అణగారినవారికి ధ్యానము బయటనుండి తెచ్చి ఇయ్యవలసిన బహుమానము కాదు. అది ఒకప్పుడు వారి స్వంతము.

అయితే "యేసు నామము జోడిస్తే చాలు" అను రెండవ వాదమును కూడా అంగీకరింపలేము. విపశ్యన అనిత్యతను చూచుటకు ఏర్పడిన మార్గము. క్రైస్తవ ధ్యానము ఒకని సముఖమున నిలుచుట, ఆయన మాట వినుట, ఆయనకు జవాబిచ్చుట. గమ్యములు వేరు. పొరుగువాని సాధననుండి నేర్చుకొనవచ్చు, కృతజ్ఞత చెప్పవచ్చు. దాని ప్రాణము తీసి, పేరు మార్చి మనదని చెప్పుకొనుట మాత్రము న్యాయము కాదు. మార్కెట్టు ధ్యానమునకు చేసినదానినే మనము కూడా చేసినట్లవుతుంది.

8. సంఘ సేవకు కొన్ని ప్రతిపాదనలు

ఒకటి, మన ధ్వనిని తగ్గించుకొనవలెను. నైట్ షిఫ్టు చేసి పగలు నిద్రించు కార్మికుని గోడకు ఆనుకొని మైకు పెట్టి ఉపవాస కూటము జరుపు సంఘము, అతనికి నిశ్చలతను గూర్చి బోధించు అర్హతను పోగొట్టుకుంటుంది. ఆరాధనలో అయిదు నిమిషముల మౌనమైనా ఉండాలి.

రెండు, సాధన కూలి చెడని సాధనగా ఉండాలి. షిఫ్టుల వేళలను చూచి, పది నిమిషములకు మించక, రుసుము లేక, ఆహార నియమము లేక, కన్నులు తెరచియుండు స్వేచ్ఛతో నేర్పాలి. ఒక చిన్న వచనము, నెమ్మదైన శ్వాస చాలును.

మూడు, మౌనము తరువాత మాటకు చోటు ఉండాలి. విలాప కీర్తనలు నేర్పునది ఇదే. గనిలో భద్రత లోపము, కాంట్రాక్టు కూలి బకాయి, ఇంటిలో గుడుంబా వలన దెబ్బలు: మౌనములో పైకి వచ్చిన ఈ మాటలను వినుటకు, అవసరమైతే యూనియను దగ్గరకు, అధికారి దగ్గరకు, పోలీసు దగ్గరకు తోడు వెళ్లుటకు సంఘ పెద్దలు సిద్ధపడాలి. స్త్రీల కూటములను స్త్రీలే నడిపించాలి.

నాలుగు, వైద్యమునకు దారి చూపాలి. చావు తలంపులు చెప్పువానిని ప్రార్థించి పంపివేయకూడదు. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవ 14416 నంబరు ప్రతి మందిరపు గోడమీద వ్రాసి ఉంచాలి. మందులు వాడుట అవిశ్వాసము కాదని ప్రసంగ పీఠమునుండి చెప్పాలి.

ముగింపు

1990ల ఆరంభమున లక్షకు పైగా ఉన్న సింగరేణి శాశ్వత కార్మికుల సంఖ్య నేడు నలభై వేల దరిదాపులకు దిగినది. అదే సమయములో కాంట్రాక్టు పని పెరిగినది, ఓపెన్‌కాస్టు గుంతలు ఊళ్ల దగ్గరకు వచ్చినవి. ఈ మార్పుల మధ్య నలిగినవారికి నిశ్చలత అవసరము లేదని ఎవడును చెప్పకూడదు. అందరికంటె వారికే ఎక్కువ అవసరము. అయితే మన ప్రభువు అలసిన శిష్యులను ఏకాంతమునకు పిలిచినప్పుడు (మార్కు 6:31) జనసమూహము వెంటపడి వచ్చినది. ఆయన వారిని చూచి కనికరపడి బోధించాడు, రొట్టెలు పంచాడు, తరువాత కొండకు ప్రార్థనకు వెళ్లాడు. ఆ అధ్యాయములో ఏకాంతమును, రొట్టెను ఎవడును విడదీయలేడు. మన వేదాంత కళాశాలలు కాపరులకు ఈ రెండింటిని కలిపి నేర్పినప్పుడు, ఊపిరిపై ధ్యానము నేర్పుటకు వెళ్లు కాపరి మొదట ఆ ఊపిరి ఎందుకు కురచైనదో అడుగుతాడు.